ఎత్తిన రాయి

ఆ ఉదయం జుహైర్‌కి రొట్టె గొంతు దిగలేదు. ఆ రొట్టె కాల్చిన మైమూన్ తాత లోపల మూట కట్టుకుంటున్నాడని తెలిశాక ఇంకెలా దిగుతుంది?

దక్షిణ స్పెయిన్‌లో, అందలూసియా కొండల్లో ఉన్న ఆ సూఫీ ఆశ్రమంలో రోజూ సాయంకాలం ప్రార్థనల పుస్తకం చేతులు మారుతుంది. తన వంతు వచ్చినవాళ్ళు ఒక పేజీ చదివి పక్కవాళ్ళకి ఇవ్వాలి. మైమూన్ తాత వంతు కోసం అందరూ ఎదురుచూసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా పొయ్యి ముందు కూర్చున్న మనిషి, ఏ పేజీ వచ్చినా ఒక్క మాట తడబడేవాడు కాదు. అందరూ ఆయన గొంతు వినేవాళ్ళు. జుహైర్ మాత్రం ఆయన కళ్ళు చూశాడు. అవి పేజీ మీద కదలడం లేదు.

చూసినవాడు చూసి ఊరుకోవచ్చు కదా! చదువుకున్నానన్న తీట ఊరుకోనివ్వదు. నిన్న సాయంత్రం పుస్తకాన్ని తలకిందులు చేసి మరీ తాత చేతికిచ్చాడు. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, అలాగే పట్టుకుని, పేజీ అంతా అప్పజెప్పేశాడు. ముందు ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తాతకి కాసేపటిదాకా తెలియలేదు. తెలిశాక పుస్తకం నెమ్మదిగా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు చీవాట్లు తింటే మనసు తేలికపడుతుందనుకుని జుహైర్ గురువు దగ్గరికి వెళ్ళాడు. షేక్ హలీం తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

"తప్పు చేశాను గురువుగారూ."

"ఆ రాయి ఎత్తు నాయనా," అన్నాడు షేక్.

గోడవారగా ఉన్న బల్లపరుపు రాయిని జుహైర్ ఒక్క ఊపున పైకెత్తాడు. కింద తడిమట్టిలో, ఎండుటాకుల మధ్య, చిటికెన వేలంత పొడుగున్న బూడిదరంగు పురుగొకటి ఉంది. ఒళ్ళంతా పెంకులు, పద్నాలుగు కాళ్ళు. చుట్టూ దాని పిల్లలు. వెలుగు పడేసరికి అన్నీ గాభరాగా అటూ ఇటూ పరిగెత్తాయి.

"అబ్బో, ఎంత పెద్దదో!"

"దీని జాతిలో ఇంతకంటే పెద్దది లేదంటారు. ఏళ్ళ తరబడి వీటి కాపురం ఆ రాయి కిందే. సరే, ఇక రాయి పెట్టెయ్."

జుహైర్ రాయి దించబోయి ఆగాడు. సరిగ్గా అంచు కింద రెండు పిల్లలున్నాయి. కాస్త జరిపాడు. అక్కడా ఉన్నాయి. రాయిని అలాగే గాల్లో పట్టుకున్నాడు.

"గురువుగారూ, కింద అవి ఉన్నాయి. నలిగిపోతాయి."

"ఎత్తినప్పుడూ ఉన్నాయి," అన్నాడు షేక్. నీళ్ళకుండ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

జుహైర్ ముఖం మాడిపోయింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయికి ఒకవైపు గులకరాళ్ళు ఆనించి, పురుగులన్నీ నీడలోకి చేరేదాకా ఆగి, ఒక్కో గులకరాయీ తీస్తూ వేలెడు వేలెడు దించాడు. అది పూర్తిగా నేలకు ఆనేసరికి మధ్యాహ్నమైంది. మైమూన్ తాతకి ఏం చెప్పాలో మాత్రం ఇంకా తోచలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఆ పూట ఎవరూ పస్తుండకూడదని తాత సాయంత్రం రొట్టెలు కూడా కాల్చే బయల్దేరాడు. మూట భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ప్రార్థన మొదలైంది. పుస్తకం జుహైర్ చేతికి వచ్చింది.

జుహైర్ దాన్ని అందరూ చూస్తుండగా తలకిందులుగా తిప్పాడు. అలాగే పట్టుకుని మొదలుపెట్టాడు.

రెండు పంక్తులు ఎలాగో గడిచాయి. మూడోది రాలేదు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. చెవులు కాలిపోతున్నాయి, చెమట పుస్తకం మీద పడుతోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పుస్తకాన్ని మాత్రం అతను తిప్పుకోలేదు.

గుమ్మం దగ్గర్నుంచి తాత గొంతు మూడో పంక్తి అందించింది.

జుహైర్ తలెత్తకుండా ఆయన వెనకాలే అన్నాడు. నాలుగోదీ ఆయనే అందించాడు. పేజీ చివరికొచ్చేసరికి మూట తాత భుజం మీంచి నేల మీదికి దిగింది.