పేరు మార్చుకోని పెంటమ్మ

అనగనగా సముద్రం హోరు వినిపించేంత దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊరి చివర, ఊరివాళ్ళు అంటరానివాళ్ళని దూరం పెట్టిన ఒక పల్లె. ఆ పల్లెలో సుబ్బులు అని ఒక తల్లి. పాపం, ఆమెకి ఇద్దరు బిడ్డలు పుట్టి ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆ తర్వాత మూడో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, బంగారు బొమ్మలా ఉంది.

"ఇంత ముద్దుగా ఉంటే చావు కన్ను దీని మీద కూడా పడుతుంది" అని సుబ్బులు హడలిపోయింది. అందుకని పాతకాలపు ఆనవాయితీ ప్రకారం బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. "ఎందుకూ పనికిరాని బిడ్డ" అని పైకి అని, మళ్ళీ గుండెలకి హత్తుకుని ఇంటికి తెచ్చుకుంది. పెంటమ్మ అని పేరు పెట్టింది. చావు మోసపోయింది, బిడ్డ బతికింది.

బతికింది గానీ, ఆ పేరు పిల్లకి ముల్లులా గుచ్చుకునేది. బడికెళ్తే పిల్లలు ముక్కు మూసుకుని నవ్వారు. ఆ తర్వాత నాట్లకెళ్తే మునసబు గారి పాలేరు గట్టు మీంచి "ఒసే పెంటా" అని కేకేశాడు. ఆ తర్వాత తిరునాళ్ళలో గాజులమ్మే ఆమె "నీ పేరేంటమ్మా?" అని ప్రేమగానే అడిగింది. పేరు చెప్పలేక, గాజులు తొడిగించుకోకుండానే వచ్చేసింది పిచ్చితల్లి. నేల చూస్తూ నడవడం అలవాటైపోయింది.

అప్పుడు ఆ పల్లెకి రూతమ్మ గారని ఒకావిడ వచ్చింది. తెల్లచీర కట్టుకుని, గొడుగేసుకుని గుడిసె గుడిసెకీ తిరిగి యేసయ్య సంగతులు చెప్పేది. ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేది. సుబ్బులు వెళ్ళి ముందు కూర్చునేది. పెంటమ్మ మాత్రం తలుపు చాటున.

ఒకరోజు రూతమ్మ గారు ఇలా చెప్పింది. "దేవుడు ఏం చేస్తాడో తెలుసా? పెంటకుప్ప మీద పడున్న వాళ్ళని తన చేతుల్తో పైకెత్తి, తీసుకెళ్ళి గొప్పవాళ్ళ సరసన కూర్చోబెడతాడు."

పెంటమ్మ ఉలిక్కిపడింది. పెంట అన్న మాట ఎవరైనా నవ్వకుండా అనగా ఆ పిల్ల వినడం అదే మొదలు. మెల్లగా తలుపు చాటునుంచి వచ్చింది.

"అమ్మగారూ, దేవుడి మాటల్లో నిజంగా పెంటకుప్ప అనే ఉందా?"

"ఉందమ్మా."

"ఆయనకి అసయ్యం వెయ్యదా?"

"ఎందుకేస్తుంది? ఆయన పుట్టిందే పశువుల పాకలో. పేడ వాసన ఆయనకి తెలుసు."

పెంటమ్మకి ఆ రోజు అన్నం తింటూ కూడా అదే ఆలోచన. అమ్మ భయపడి నన్ను అక్కడ పెట్టింది. అమ్మ చేతులతో పాటు ఇంకో జత చేతులు కూడా నన్నెత్తాయి కాబోలు. నేను ఆయన ఎత్తుకున్న బిడ్డని. అలా అనుకుని ముద్ద నోట పెట్టుకుంది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. పిల్ల పెద్దదయింది. బాప్తిస్మం ఇవ్వడానికి చర్చి అయ్యగారు కాలవలో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. "పాత పేరెందుకమ్మా, కరుణమ్మ అని పెడదామా?" అన్నారు. పెంటమ్మ తలూపలేదు. "పోనీ దీవెనమ్మ?" ఊహూఁ. "ఎస్తేరు? అది రాణి పేరు తెలుసా?"

"వద్దండి అయ్యగారూ. దేవుడు నన్ను ఎక్కణ్ణుంచి ఎత్తాడో నలుగురికీ తెలియాలి కదండీ. నా పేరు నాకు ఉండనివ్వండి."

అయ్యగారికి కళ్ళు చెమర్చాయి. ఆ పేరుతోనే బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలోంచి లేచిన పెంటమ్మ మళ్ళీ ఎప్పుడూ తల దించలేదు.

ఆ తర్వాత ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది. కొబ్బరిచెట్లు విరిగాయి, మేడల పెంకులు ఎగిరిపోయాయి, కెరటం ఊరిమీదికొచ్చింది. గట్టిగా నిలిచింది మెరక మీదున్న పల్లె చర్చి ఒక్కటే. అయ్యగారు ఊళ్ళో లేరు. తాళంచెవి పెంటమ్మ దగ్గరుంది. పల్లెవాళ్ళందరినీ లోపలికి చేర్చింది.

మొదట జాలర్లు వచ్చి తలుపు కొట్టారు. తీసింది. తర్వాత గొర్రెల కాపర్లు వచ్చారు. తీసింది. మూడోసారి మునసబు గారి కుటుంబం తడిసి ముద్దై వచ్చింది.

"వద్దే! మనల్ని గడప తొక్కనిచ్చారా ఎప్పుడైనా?" అన్నాడు బాబాయి ఏసుదాసు.

"ఇది మన ఇల్లు కాదు బాబాయ్, ఆయన ఇల్లు" అని పెంటమ్మ తలుపు తీసింది.

మునసబు తల్లి వెంకాయమ్మ గారు గడప దగ్గరే ఆగిపోయింది. పెంటమ్మ చెయ్యి చాపింది. ముసలామె ఆ చెయ్యి వంక చూసింది, వెనకున్న నీళ్ళ వంక చూసింది, పట్టుకుంది. అందరూ ఒకే చాప మీద కూర్చున్నారు.

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగింది వెంకాయమ్మ గారు.

"సుబ్బులు కూతుర్నండి. నా పేరు పెంటమ్మ." గాలి హోరులో కూడా అందరికీ వినపడేలా చెప్పింది.

తుఫాను వెలిసింది. కానీ పల్లె గుంటలన్నీ ఉప్పునీళ్ళయిపోయాయి. తియ్యటి నీళ్ళు ఊరి నడిమి బావిలోనే ఉన్నాయి. అందులో పల్లెవాళ్ళు చేద వెయ్యకూడదట! పల్లెలో పసిబిడ్డలు దాహానికి గుక్కపెట్టి ఏడుస్తున్నారు. అప్పుడు పెంటమ్మ బిందె చంకనెత్తుకుంది. పల్లె అంతా ఆమె వెనక నడిచింది.

బావి దగ్గర మునసబు అడ్డం వచ్చాడు. "అక్కడ కూర్చోండి. మావాళ్ళు తోడి పోస్తారు."

"దేవుడు నన్ను ఎత్తి నిలబెట్టాడండి. మళ్ళీ కూర్చోలేను" అంది పెంటమ్మ. కోపంగా అనలేదు తల్లీ, కానీ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

అప్పుడు జనంలోంచి వెంకాయమ్మ గారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ఒరే, ఆ పిల్ల చెయ్యి పట్టుకోబట్టే నేనివాళ బతికున్నాను. తప్పుకో" అని కొడుకుని పక్కకి జరిపింది.

పెంటమ్మ చేద వేసింది. గిలక కిర్రుమంది. మొదటి నీళ్ళు పసిబిడ్డలకి పోసింది. ఆ తర్వాత తల్లిని పిలిచింది. సుబ్బులు అలవాటు చొప్పున నేలమీద కూర్చుని దోసిలి పట్టబోయింది.

"లేమ్మా, నిలబడి తాగు" అంది పెంటమ్మ.

సుబ్బులు లేచింది. కూతురి చేతిలోంచి చెంబు అందుకుని, ఊరంతా చూస్తుండగా, ఆ బావి పళ్ళెం గట్టు మీద నిటారుగా నిలబడి, గటగటా తాగింది.

కథ కంచి దారి పట్టింది,
మన కాలు ఇంటి గడప తొక్కింది,
కంటి మీద కునుకు వాలింది,
కాచే దేవుడి కన్ను మేలుకుంది.