తిరగబడిన శ్రీ

మా మామగారు శరభాచారి గారు అడిగినదానికి వెంటనే బదులు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ చేతిలో ఒక పాత రాగిడబ్బూ, భూతద్దమూ పెట్టి, తాను తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చునేవారు. ఒకేలా కనిపించే రెండు నాణేలు ఒకే అచ్చు మీద పడ్డాయా, వేరువేరు అచ్చుల మీద పడ్డాయా అని పోల్చుకోవడం ఆయన దగ్గర నేర్చుకోవడానికి చాలామంది వచ్చేవారు. వారిలో పానకాలు గారికి శ్రద్ధ ఎక్కువ. నోటి దురుసూ ఎక్కువే.

మా పాత సంస్థానం టంకశాలలో తయారైన డబ్బుల మీద పానకాలు గారు పుస్తకం రాశారు. మర్నాడే ప్రెస్సుకు ఇవ్వాలి. ఆ పొద్దున వచ్చి, మా దేవుడి గూట్లో కుంకుమబొట్టుతో ఉన్న డబ్బును చూపించి అడిగారు.

"గురువుగారూ, సలక్షణమైన డబ్బులన్నీ పెట్టెలో పడి ఉంటే, ఈ వంకరదానికి పూజలేమిటండీ? శ్రీ తిరగబడి ఉంది. టంకశాలలో పనిచేసేవాడెవడైనా అలా చెక్కుతాడా? దీన్ని నకిలీవాటిలో రాసేశాను."

నేను హారతి పళ్ళెం కింద పెట్టేశాను. ఆ డబ్బు కోసం మామగారు పదిహేడేళ్ళు ఊళ్ళు తిరిగి, చివరికి ఒక కంచరివారి రాగి తుక్కులో ఏరుకొచ్చారు. అది నకిలీ అని పుస్తకంలో పడితే, మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న మాటా నకిలీదే అవుతుంది.

మామగారికి కోపం రాలేదు. "అమ్మాయ్, పళ్ళెంలో బియ్యం పోసి తీసుకురా," అన్నారు. తెచ్చాను. "పానకాలూ, ఇందులో శ్రీ రాయవయ్యా. అద్దంలో కనబడేటట్టు, తిప్పి."

పానకాలు గారు మూడుసార్లు రాసి మూడుసార్లూ చెరిపేశారు. నాలుగోసారి వేలు దాని దారిన అది మామూలు శ్రీ రాసేసింది. "చెయ్యి మాట వినడం లేదండీ!" అని నవ్వేశారు.

"మా ముత్తాత సోమలింగం చెయ్యి ఆ టంకశాలలో ముప్పై ఏళ్ళు తిప్పే రాసింది," అన్నారు మామగారు. "అచ్చు మీద తిప్పి చెక్కితేనే కదా డబ్బు మీద సరిగ్గా పడేది! ఒక శ్రీపంచమి నాడు కూతురు గవరమ్మకు అక్షరాభ్యాసం. బియ్యంలో పిల్ల వేలు పట్టుకుని రాయిస్తే, తిరగబడ్డ శ్రీయే వచ్చింది. 'ఓయ్ ఆచారీ, పిల్లకు చదువు చెబుతున్నావా, డబ్బులు కొడుతున్నావా?' అని పురోహితుడు పకపకా నవ్వాడు. ఆయన సిగ్గుపడి చెరిపేసి, నిదానంగా మూడుసార్లు సరిగ్గా రాయించాడు. అటునుంచి అటే టంకశాలకు పోయి కొత్త అచ్చు చెక్కాడు."

అక్కడితో ఆపేశారు. మిగతాది ఈ ఇంటికి వచ్చిన ప్రతి కోడలికీ తెలుసు. మధ్యాహ్నానికల్లా డబ్బుల మీద తిరగబడ్డ శ్రీని పైవాళ్ళు చూశారు. ఆయన కళ్ళెదుటే అచ్చును సుత్తితో పగలగొట్టించి, కొలువులోంచి పంపేశారు. చేతికి దొరికిన డబ్బులన్నీ కరిగించారు. ఆనాటినుంచీ ఊళ్ళో మేము "శ్రీ తిప్పినోళ్ళం". నా పెళ్ళి పందిట్లో కూడా ఎవరో అన్నారు, "పోయిపోయి శ్రీ తిప్పినోళ్ళింటికా పిల్లనిచ్చారు?" అని.

"కథ బాగుందండీ," అన్నారు పానకాలు గారు. "కానీ రుజువు లేకుండా పుస్తకంలో ఎలా రాయను?"

"ఇంతసేపూ అక్షరమే చూశావు. తిప్పి, బొమ్మ చూడు."

మామగారు పెట్టెలోంచి ఒక మామూలు డబ్బు తీసి, గూట్లోని డబ్బు పక్కన పెట్టారు. పానకాలు గారు భూతద్దం పెట్టి చాలాసేపు వంగి చూశారు. రెండింటి మీదా ఏనుగు బొమ్మ వెనక కాలి కింద వెంట్రుకంత గీత, అచ్చు చిట్లిన గుర్తు. ఒకే చోట మొదలై, ఒకే చోట వంపు తిరిగింది.

"అక్షరాల అచ్చు వేరు, బొమ్మ అచ్చు ఒక్కటే," అన్నారు, గొంతు తగ్గించి. "ఇది టంకశాలదేనండీ. ఇలాంటిది ఇంకొకటి నేనెక్కడా చూడలేదు."

కాగితం తీసి, నకిలీ అన్న మాట కొట్టేశారు. కలం పట్టుకుని ఆగారు. "మరి ఏమని రాయమంటారు? చెక్కినవాడి పొరపాటు అనా?"

మామగారు తమలపాకు మడిచి నోట్లో పెట్టుకున్నారు.

"పొరపాటనే రాయి నాయనా," అన్నారు. "అచ్చు మీద మాత్రం శ్రీ సరిగ్గానే ఉండేది."