కోటిలింగం జార్చిన స్వరం

ఈ సంగతి నాకు మొదట చెప్పింది డోలు సిలార్. దస్తగిరి సాహెబుగారి సన్నాయి మేళంలో చివరిదాకా డోలు వాయించినవాడు, జరిగింది కళ్ళతో చూసినవాడు. కాబట్టి ఇది పుకారు కాదు.

సాహెబుగారి పక్క నాదస్వరం ఆయన శిష్యుడు కోటిలింగానిది. ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పెరిగాడు. శిష్యుడు అపస్వరం పలికిస్తే సాహెబుగారు కొట్టరు, తిట్టరు. సన్నాయి కింద పెట్టి బయటికి వెళ్ళిపోతారు. అది దెబ్బకన్నా కష్టం.

అలాంటి మనిషికి ఒక ఏడు శివరాత్రి కచేరీలో స్వరం జారింది. అడుగు రంధ్రం మీద చిటికెన వేలు సరిగ్గా మూతపడలేదు. జనానికి తెలియలేదు గానీ కోటిలింగానికి తెలిసింది. ఏం చేయాలో తోచక తానూ అంతే జార్చి వాయించాడు. ఇద్దరూ ఒకేలా జారిస్తే అది తప్పనిపించదు కదా. తర్వాత కచేరీల్లోనూ అదే పని. ఒక పెద్దమనిషి అదేదో కొత్త గమకమనుకుని శాలువా కూడా కప్పాడు.

సాహెబుగారికి భుజం నొప్పి మొదలైంది. అన్నేళ్ళు సన్నాయి ఎత్తిన భుజం నొప్పి పుట్టదా అని ఇంట్లోవాళ్ళు ఆముదం కాచి మర్దనా చేశారు. చుట్ట తాగే మనిషే అయినా దగ్గు లేదు. అందుకని ఎవరికీ భయం లేదు.

భయం కోటిలింగానికే. కృతికీ కృతికీ మధ్య తువాలుతో గురువు ముఖం తుడిచేది వాడే. ఒక పక్క చెమట కారుతోంది, రెండో పక్క పొడిగా ఉంటోంది. ఆ పొడి పక్కనే కంటిరెప్ప వాలుతోంది. మీ వేలు తప్పుతోందండీ అని గురువుతో ఏ నోటితో అంటాడు? తిండి సయించడం మానేసింది.

ఎవరికీ చెప్పకుండా గుంటూరు పోయి కంటి డాక్టరును అడిగాడు. ఆయన అంతా విని, ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి పొమ్మన్నాడు. కంటికీ ఊపిరికీ ఏం సంబంధమనుకుంటూనే వీడు అక్కడికీ వెళ్ళాడు.

ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పిందట. అక్కడ వచ్చే క్యాన్సరు ఒక రకం కాదు. మధ్యలో గొట్టాల దగ్గర పుట్టేది దగ్గు తెస్తుంది, కఫంలో నెత్తురు చూపిస్తుంది. అంచుల్లో పుట్టేది చుట్ట ముట్టనివాళ్ళకూ వస్తుంది, చాన్నాళ్ళు చప్పుడు చేయదు. చిన్న కణాలది ఇంకోటుంది, అది బయటపడేలోపే ఒళ్ళంతా పాకుతుంది. ఊపిరితిత్తిని కప్పిన పొరకు వచ్చేది వేరు. సిమెంటు రేకుల ఫ్యాక్టరీ ధూళి పీల్చినవాళ్ళకు ఎన్నో ఏళ్ళకు వస్తుంది, నీరు చేరి ఆయాసం పెడుతుంది. ఇక పైకొసన, మెడకింద పుట్టేది దగ్గించదు. అక్కడి నరాలను పట్టుకుంటుంది. భుజం నొప్పి, చిటికెన వేలికి పట్టు తప్పడం, రెప్ప వాలడం, ముఖం ఒక పక్క చెమట ఆగడం.

"అదేనని నేననను, చూడాలి, ఫొటోలు తీయాలి" అందామె. "లక్షణాలన్నీ మోసుకొచ్చావు, మనిషిని ఎందుకు తేలేదయ్యా?"

వాడు తల వంచుకుని వచ్చేశాడు.

మర్నాడు సాధకానికి కూర్చున్నారు. సాహెబుగారు కింది స్వరం పట్టారు, జారింది. కోటిలింగమూ జార్చాడు. ఆయన ఇంకాస్త జార్చారు. వీడూ జార్చాడు. అప్పుడాయన చిటికెన వేలు మొత్తం ఎత్తేసి, వీధి కుక్కలు మొరిగేలా ఒక కూత కూయించారు. వీడు ఏడుస్తూ ఆ కూతా కూయించాడు. సిలార్ డోలు ఆపేశాడు.

సాహెబుగారు సన్నాయి కింద పెట్టారు. బయటికి మాత్రం వెళ్ళలేదు.

"తప్పు వినబడిందా లింగం?"

"వినబడిందండి."

"ఎప్పట్నించి?"

"శివరాత్రి నుంచండి."

"నాకూ వినబడింది. నువ్వు అంటావేమోనని చూశాను." భుజం పట్టుకున్నారు. "నా పరువు కాశావు సరే. నన్నెవరు కాయాలిరా?"

కోటిలింగం అప్పుడు చెమట సంగతి, రెప్ప సంగతి, డాక్టరమ్మ మాట, అన్నీ చెప్పేశాడు. ఆయన అడ్డు రాకుండా విని, పొద్దున బస్సెన్నింటికని అడిగారు.

వెళ్ళి చూపిస్తే అదే జబ్బని తేలింది. గడ్డకు కరెంటు పెట్టారు, మందులెక్కించారు. నొప్పి తగ్గింది గానీ వేలికి పట్టు రాలేదు.

ఆ ఏడు తిరునాళ్ళలో సాహెబుగారు తన చేత్తో కోటిలింగాన్ని ముందు చోట కూర్చోబెట్టి, తాను వెనక శ్రుతి పెట్టె పట్టుకున్నారు. మొదటి కృతిలోనే వాడు కంగారుపడి ఒక స్వరం తప్పాడు.

"తప్పు" అన్నారు సాహెబుగారు, జనమందరికీ వినబడేలా.

కోటిలింగం ఆగాడు. వెనక్కి తిరిగి ఆయనకు దణ్ణం పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

ఆ తిరునాళ్ళు జరిపే గుడివాళ్ళు వేసిన పుస్తకంలో శిష్యుడు గురువు చోటు లాక్కున్నాడని, గురువు ఓర్వలేక జనంలో అరిచాడని అచ్చేశారు. రాసినవాడెవడో నాకు తెలుసు. సిలార్ చెబుతుంటే నా పక్కనే కూర్చుని విన్నాడు. వాడి పేరు నా నోట పలకను. చదువు బాగా వచ్చినవాళ్ళెవరైనా ఆ రెండు ముక్కలూ కొట్టేయించి, జరిగింది జరిగినట్టు రాయించండి.