ఈరవ్వ చలి

ఎప్పటి మాట అని అడక్కండి, చెప్పేవాళ్ళకే తెలియదు. గుట్టల మీద గొర్రెలకు దారులుండి, మనుషులకు ఇంకా దారులు పడని కాలం అనుకోండి. ఆ కాలంలో పడమటి గుట్టల్లో మూడు గుండ్ల దొన అని ఒక చోటుండేది. దొన అంటే బండల నడుమ వాననీళ్ళు నిలిచే గుంట. దొన పక్కన ఒక గుడిసె. గుడిసెలో ఒక ముసలమ్మ. ఆమె పేరు ఈరవ్వ.

ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఏడాది పొడుగునా ఆమె మాట్లాడేది ముగ్గురితోనే. పొయ్యిలో మంటతో, చేతిలో కదురుతో, దొనలో కప్పతో. ఆ ముగ్గురిలో తిరిగి జవాబిచ్చేది కప్ప ఒక్కతే. అదీ వానాకాలంలోనే.

ఒకప్పుడు ఈరవ్వకూ మొగుడుండేవాడు, మంద ఉండేది. ఒక ఏడు శివరాత్రి వెళ్ళింది, మోదుగులు పూశాయి, ఇక చలి ఎక్కడిదని మొగుడు గొర్రెల బొచ్చు కత్తిరించాడు. మర్నాడే పోయిన చలి తిరిగొచ్చింది. ముసురు పట్టింది. ఒంటి మీద బొచ్చు లేని గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చాయి. బతికున్నవాటిని గుడిసెలోకి మోసి మోసి మొగుడు జ్వరాన పడ్డాడు. మళ్ళీ లేవలేదు. చుట్టాలంతా దిగువ ఊళ్ళకు పోతూ ఈరవ్వను కూడా రమ్మన్నారు. ఆమె పోలేదు. ఇంకో మందకు ఇట్లా కాకూడదని అక్కడే కూర్చుని గాలిని, ఆకాశాన్ని చూడటం మొదలుపెట్టింది.

ఆ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. పంచాంగం తెలియదు, చుక్కలు తెలియవు. తెలిసిందల్లా గొంగడి నేయడం. గొంగడి నేసేవాళ్ళు ఉన్ని పడుగును, అంటే నిలువు దారాలను, ఆరుబయట బారుగా లాగి కట్టి, దానికి చింతగింజల గంజి పట్టిస్తారు. ఎండకు గంజి ఆరి దారం బిరుసెక్కాలి. చలి నిజంగా పోయిన ఏడు, పొద్దున పూసిన గంజి మధ్యాహ్నానికి పెళపెళలాడేది. చలి తిరిగి రానున్న ఏడు, ఎండ చురుక్కుమంటున్నా గంజి వేలికి అంటుకునేది. అది మొదటి గుర్తు. పొయ్యి పొగ పైకి లేవక గుడిసెలోనే తిరగడం రెండో గుర్తు. తెల్లవారుతూనే కూయాల్సిన కౌజు పిట్టలు కూయకపోవడం మూడోది.

గంజి ఆరిందా? పొగ లేచిందా? కౌజు కూసిందా? ఇంతే ఆమె శాస్త్రం.

చెప్పిందల్లా జరిగేదా అంటే, జరిగేది కాదు. ముసలమ్మ రమ్మంటే వచ్చి పొమ్మంటే పోవడానికి చలేమైనా పాలేరా? అయినా గొర్లకాపర్లు ఆమె మాట విన్నారు. వినకపోతే ఏమవుతుందో ఆమె మొగుడి కథే చెప్పేది. కాముని పున్నమ దగ్గర పడగానే మందలు దొన దగ్గరికి చేరేవి. మొదటి రోజు గొర్రెల్ని కడగడం, రెండో రోజు బొచ్చు కత్తిరించడం, మూడో రోజు బీరప్పకు మొక్కి డోళ్ళు కొట్టి పాటలు పాడటం. కాని ఈరవ్వ "కానియ్యి" అనందే ఎవరూ కత్తెర పట్టకూడదు. అది కట్టుబాటు.

ఇక్కడే ఉంది ఈరవ్వ కష్టమంతా. చలి లేదంటే ఆమె గుడిసె ముందు మూడు రోజులు మనుషులుంటారు. చలి వస్తుందంటే మంద ఒక్క పూట కూడా ఆగదు. దిగువన ఈతవనంలో చాటు ఉంటుంది కాబట్టి అటే పరుగు. ఆమె నోటితో ఆమే తన ఇంటికొచ్చిన మనుషుల్ని వెళ్ళగొట్టుకోవాలి.

ఒక ఏడు మంద వచ్చింది. ఈరవ్వ పడుగు మీద వేలు పెట్టింది, అంటుకుంది. "వద్దు బిడ్డా, చలి ఉన్నది" అంది. మంద వెళ్ళిపోయింది. చలి వచ్చింది.

రెండో ఏడు మంద వచ్చింది. వేలు పెట్టింది, అంటుకుంది. "వద్దు బిడ్డా, చలి ఉన్నది" అంది. మంద వెళ్ళిపోయింది. చలి రాలేదు. మంచి ఎండ కాసింది. ఆ ఎండలో ఈరవ్వ ఒక్కతే కూర్చుని, ఎవరూ లేని దొన గట్టును చూసి ఏడ్చింది.

మూడో ఏడు మంద వచ్చింది. మందకు పెద్ద మల్కయ్య. అతని భార్య అయిలవ్వ, చంకలో పిల్ల. ఆ పిల్ల పుట్టిందని కూడా ఈరవ్వకు తెలియదు. తెలియజెప్పడానికి ఎవరు రావాలి?

"అవ్వా, సూడు, నీ మనుమరాలు!" అంటూ అయిలవ్వ పిల్లను ఈరవ్వ ఒడిలో పడేసింది. పిల్ల ఆమె ముక్కు పట్టుకుని పీకింది. ఒక మనిషి చెయ్యి తన ఒంటి మీద పడి ఎన్నాళ్ళయిందో ఈరవ్వకు గుర్తు రాలేదు.

మల్కయ్య వచ్చి పడుగు దగ్గర నిలబడ్డాడు. "ఏమంటవ్ అవ్వా? కడగమంటవా? కత్తెర పట్టమంటవా?"

ఈరవ్వ దారం మీద వేలు పెట్టింది. గంజి అంటుకుంది. పోయినేడూ అంటుకుంది గదా, చలి వచ్చిందా అనుకుంది. వేలు కొంగుకు తుడుచుకుంది.

"కానియ్యి బిడ్డా" అంది.

ఇక చూడండి ఆ సందడి! గొర్రెల్ని ఒకదాని వెనక ఒకటి దొనలోకి తోశారు. మగవాళ్ళు నడుముల దాకా దిగి రుద్దారు. నీళ్ళు బురదయ్యాయి, కప్ప ఎటో పారిపోయింది. ఈరవ్వ దాచి దాచి ఉంచిన జొన్నలు దంచింది. అయిలవ్వ ఆమె తలలో పేలు చూస్తూ ఊళ్ళ ముచ్చట్లన్నీ చెప్పింది. ఎవరికి పెళ్ళయింది, ఎవరు ఎవరితో కొట్లాడారు, ఎవరి పొట్టేలు ఎవరి చేలో పడింది. ఆ పేర్లలో ఒక్కటీ ఈరవ్వకు తెలియదు. అయినా "అట్లనా! అట్లనా!" అంటూ నోరు తెరుచుకుని వింది.

సాయంత్రం రొట్టెలు కాలుస్తుంటే పొగ పైకి పోలేదు. గుడిసెలోనే సుళ్ళు తిరిగింది. అయిలవ్వ దగ్గింది.

"ఏందవ్వా ఈ పొగ, బయటికే పోదు?"

"పచ్చికట్టెలు బిడ్డా" అంది ఈరవ్వ. ఎండాకాలం ముంగిట, ఏడాది నాటి ఎండుకట్టెలవి.

పొద్దున్నే మల్కయ్య కత్తెరకు సాన పట్టాడు. మంద ముందు నడిచే నల్ల గొర్రెను పడుకోబెట్టి బొచ్చు కత్తిరించాడు. అది లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకుంది. బొచ్చు పోయాక ఎంత చిన్నదో తెలిసింది. చర్మం జలదరిస్తోంది. రెండో గొర్రె కాలు పట్టుకుంటూ మల్కయ్య అలవాటు కొద్దీ అడిగాడు.

"కౌజులు కూసినయా అవ్వా?"

ఈరవ్వ నోరు తెరిచింది. కూసినయి అనడానికే తెరిచింది. ఆ ఒక్క మాట అంటే ఇంకో రెండు రోజులు పిల్ల ఆమె ఒడిలో ఉంటుంది. రేపు డోలు మోగుతుంది. కాని ఎదురుగా నల్ల గొర్రె వణుకుతూ నిలబడి ఉంది. మొగుడి మంద కూడా అట్లాగే నిలబడింది.

"కూయలేదు" అంది. "పొగా లేవలేదు. గంజీ ఆరలేదు. కత్తెర పక్కన పెట్టు కొడుకా. మందను తోలుకొని ఇప్పుడే పో."

మల్కయ్య లేచి నిలబడ్డాడు. "నిన్న కానియ్యి అంటివి!"

"నిన్న అబద్ధం జెప్పిన."

అయిలవ్వ అడిగింది. "ఎందుకట్ల జెప్పినవ్ అవ్వా?"

"చలి ఉందంటే మీరు పోతరు గద" అంది ఈరవ్వ. "మూడొద్దులు ఉంటరని జెప్పిన. ఇంకేం లేదు."

మల్కయ్యకు కోపం ఆగలేదు. "నీ ముచ్చట కోసం మా మంద సావాల్నా? దీని మీదనే బతుకుతున్నం మేము! ఇగ నిన్ను అడిగేది లేదు, నీ గడప తొక్కేది లేదు!"

ఈరవ్వ గుడిసెలోకి పోయి తాను కప్పుకునే గొంగడి తెచ్చింది. ఉన్నది అదొక్కటే, కొత్తది ఇంకా పడుగు మీదే ఉంది. దాన్ని నల్ల గొర్రె ఒంటికి చుట్టి, కడుపు కింద తాడుతో కట్టింది.

"నీకెట్ల అవ్వా?" అంది అయిలవ్వ.

"నాకు గుడిసె ఉన్నది. మల్ల వచ్చినప్పుడు ఇయ్యి."

పిల్లను చంకనేసుకుని అయిలవ్వ మంద వెంట నడిచింది. ఒకసారి వెనక్కి చూసింది. ఈరవ్వ దొన గట్టు మీద నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు.

వాళ్ళు ఈతవనం చేరీ చేరకముందే గాలి తిరిగింది. ముసురు పట్టింది. మూడు రోజులు పొద్దు కనబడలేదు. పోయిందనుకున్న చలి ఎముకల్లోకి దిగింది. గొర్రెలు ఈతచెట్ల చాటున, ఒంటి నిండా బొచ్చుతో, ఒకదాన్నొకటి ఒత్తుకుని పడుకున్నాయి. ఒక్క గొర్రె పోలేదు. గొంగడి కట్టుకున్న నల్ల గొర్రె కూడా పోలేదు.

ముసురు విడిచాక అయిలవ్వ అంది, "పోయి అవ్వకు ఒక్క మాట జెప్పొద్దామా? గొంగడి కూడా ఇచ్చొద్దాం." దారి బురదగా ఉందన్నాడు మల్కయ్య. వచ్చే ఏడు ఎట్లాగూ పోతాం గదా అన్నాడు.

దారి ఆరాక అయిలవ్వ మళ్ళీ అంది. ఎరువు కోసం చేలల్లో మంద పెట్టమని రైతులు పిలుస్తున్నారు, వచ్చే ఏడు ఎట్లాగూ పోతాం గదా అన్నాడు.

ఎండలు ముదిరాక మూడోసారి అంది. పైన నీళ్ళుండవు, వచ్చే ఏడు ఎట్లాగూ పోతాం గదా అన్నాడు. కోపం ఎప్పుడో పోయింది అతనికి. మొహం చూపించడానికే సిగ్గు. అయిలవ్వ కూడా తానొక్కతే కదిలి పోలేదు. ఈ మాట కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది.

ఏడాది తిరిగింది. మోదుగులు పూశాయి. అయిలవ్వ గొంగడిని ఉతికి, మడిచి, భుజం మీద వేసుకుని అందరికంటే ముందు నడిచింది. పిల్ల నడక నేర్చింది, అవ్వకు చూపించాలి.

"అవ్వా! ఈరవ్వా!" గుట్ట కింద నుంచే పిలుస్తూ ఎక్కింది.

పడుగు దారాలు తెగి గాలికి ఊగుతున్నాయి. గుడిసె కప్పు ఒక పక్కకు కూలింది. లోపల గోడ వారగా ఈరవ్వ ఎముకలున్నాయి, పక్కన కదురు పడి ఉంది. ఆ మూడు రోజుల చలికే పోయిందో, ఎండల్లో పోయిందో, వానాకాలం దాకా బతికి కప్పతో మాట్లాడి మరీ పోయిందో, చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మంద బతికిందని తెలిసే పోయిందో, తెలియకే పోయిందో, అదీ ఎవరికీ తెలియదు.

మల్కయ్య గుడిసె ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అయిలవ్వ గొంగడి విప్పి ఎముకల మీద కప్పింది. దొన గట్టునే గుంత తీసి పూడ్చారు. పైన మూడు రాళ్ళు పెట్టారు.

"ఇగ పోదామా?" అన్నారు ఎవరో.

"మూడొద్దులు ఉంటం" అన్నాడు మల్కయ్య.

గొర్రెల్ని కడగలేదు. కత్తెర తీయలేదు. ఉత్తగా ఉన్నారు. ఆ రాళ్ళ చుట్టూ కూర్చుని, ఎవరికి పెళ్ళయింది, ఎవరు ఎవరితో కొట్లాడారు, ఎవరి పొట్టేలు ఎవరి చేలో పడింది, అన్నీ చెప్పుకున్నారు. గట్టిగా చెప్పుకున్నారు. గడ్డి చాలక గొర్రెలు అరిచాయి, అయినా లేవలేదు. మూడో రోజు డోలు కొట్టారు.

అప్పటి నుంచి ఆ గుట్టల్లో, శివరాత్రి వెళ్ళాక తిరిగొచ్చే చలిని ఈరవ్వ చలి అంటారు. ఈరవ్వ చలి వచ్చిపోయిందా అని అడగందే ఏ కాపరీ కత్తెర ముట్టడు. కత్తిరింపు ఉన్నా లేకపోయినా, ఎండైనా ముసురైనా, ఎవరో ఒకరు ఆ రాళ్ళ దగ్గర మూడు రోజులు ఉండే పోతారు.

దిగువ ఊళ్ళల్లో కూడా ఒక మాట పడింది. ఫాల్గుణంలో ఉన్నట్టుండి గాలి చల్లబడితే పెద్దవాళ్ళు ఇంట్లోవాళ్ళను కసురుతారు. "ఈరవ్వ చలి పట్టింది, కదలండి" అని. అప్పుడు ఊళ్ళో ఎవరు ఒంటరిగా ఉంటే వాళ్ళింటికి పోవాలి. పోయి కూర్చోవాలి. ఏదీ అడగకూడదు, ఏదీ తెచ్చుకోకూడదు. ఆ ఇంటి మనిషి తప్పకుండా అడుగుతుంది, "ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా?" అని.

"పనేం లేదవ్వా, ఉందామని వచ్చిన" అనాలి.