పేరయ్య టర్బో కారులో పెళ్ళి

చీరాలలో పేరయ్య, కోటిలింగం, బాపూజీ అని ముగ్గురు అన్నదమ్ములు. దేవుడు తెలివిని ముందు మా ఇంట్లో దింపి, మిగిలింది ఊరికి పంచాడని వాళ్ళమ్మ రత్తమ్మ చెప్పుకునేది. చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలివని ఆవిడ నమ్మకం. పిల్లల్నీ అలాగే పెంచింది.

చిన్నవాడు బాపూజీకి వేటపాలెం పిల్ల శేషారత్నంతో పెళ్ళి కుదిరింది. వీళ్ళ తెలివి చూసి పారిపోయిన సంబంధాలు పోగా మిగిలింది ఇదొక్కటే. పిల్ల తండ్రి అంకయ్యకు ముక్కుమీద కోపం. ముహూర్తం దాటితే పెళ్ళే లేదని ముందే చెప్పాడు. బాపూజీకి ఆ రోజు నుంచి అన్నం సహించలేదు పాపం.

పేరయ్యకు ఇంజను జోరు పెంచే టర్బో ఉన్న కారొకటి ఉంది. పెళ్ళికి గాలిలా పోవాలి, దీనికి ఇంకా జోరు పెట్టు, చెవులు పగిలే సైలెన్సర్ కూడా పెట్టు అని మెకానిక్ మస్తాన్‌ని అడిగాడు. బండి బంగారంలా ఉంది, దాన్ని కెలకొద్దు, ముందు మంచి టైర్లు, బ్రేకులు, కొత్త ఎయిర్ ఫిల్టర్ చాలన్నాడు మస్తాన్. అవి వేసి జాగ్రత్తలు చెప్పాడు. కొత్త టైర్ల కింద రాళ్ళు పడకూడదు. జోరు పెంచేముందు బ్రేకు పడుతుందో లేదో చూసుకోవాలి. ఇంజనుకు గాలి బాగా అందాలి. ఊరు చేరాక, టర్బో చల్లారాకే ఇంజను ఆపి దిగాలి.

అంతే. పెళ్ళిరోజు తెల్లవారుతూనే కోటిలింగం చీపురు పట్టుకుని కారు ముందు రోడ్డు ఊడుస్తూ బయల్దేరాడు. వెనకాల కారు అతని నడకకి తగ్గట్టు పాకింది. గాలి అందాలని బానెట్ ఊడదీసి ఇంట్లో పెట్టారు కాబట్టి, రత్తమ్మ పక్కనే నడుస్తూ ఇంజనుకు విసనకర్రతో విసిరింది. వెనక బస్సువాడు హారన్ కొట్టినప్పుడల్లా పేరయ్య జోరు పెంచుదామనుకునేవాడు. జోరు పెంచేముందు బ్రేకు చూసుకోవాలి కదా, తొక్కి ఆపేవాడు. బస్సువాడు తిట్టని తిట్టు లేదు. మన కారంటే కుళ్ళు అనుకున్నారు వీళ్ళు.

ఎలాగో ముహూర్తం దాటకముందే వేటపాలెంలో పెళ్ళిపందిరి ముందు ఆగారు. వెనక సీట్లోంచి బాపూజీ దిగబోతే పేరయ్య రెక్క పట్టుకుని, చల్లారకుండా దిగుతావేందిరా అన్నాడు. ఇంకేముంది, అందరూ చల్లారడం కోసం కూర్చున్నారు. ఇంజను నడుస్తూనే ఉంది. నడిచే ఇంజను ఎక్కడ చల్లారుతుంది?

అంకయ్య ఎర్రబడి పరిగెత్తుకొచ్చాడు. దిగకపోతే ఈ సంబంధం ఇక్కడికే సరి అన్నాడు. బాపూజీకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"దిగితే ఇంజను పోతది, దిగకపోతే పెళ్ళాం పోతది. నేనేం చెయ్యాలి మామా?"

పురోహితుడికి జాలేసి, పిల్లనే కారులోకి తెమ్మన్నాడు. పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టారు. బాపూజీ వెనక సీట్లోంచి రెండు చేతులూ చాపి, సరిగ్గా ముహూర్తానికి మూడు ముళ్ళూ వేశాడు. అక్షింతలు పడ్డాయి. అందరి ప్రాణం కుదుటపడింది.

దిగమ్మా అంటే పిల్ల కదల్లేదు. చూస్తే, మెడతోపాటు సీటుకున్న తలదిండు ఊచలను కూడా కలిపి తాళి కట్టేశాడు బాపూజీ. అంకయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ముళ్ళేసేటప్పుడే చెప్పొద్దుటే పిల్లా?"

"ముళ్ళు పడేదాకా నోరు తెరవొద్దన్నావుగా నాన్నా."

"పడ్డాకన్నా చెప్పొద్దూ?"

"పడ్డాక తెరవమని నువ్వు చెప్పలా."

రత్తమ్మ ఆనందం పట్టలేక కోడలికి మెటికలు విరిచింది. ఇన్నాళ్ళకు మా ఇంటికి తగ్గ పిల్ల దొరికిందని మురిసిపోయింది. తాళి విప్పకూడదు కనక తలదిండు ఊడబెరికారు. పిల్ల దాన్ని వీపున వేసుకుని, చల్లారని ఇంజనుతోనే అత్తారింటికి వచ్చింది.

గుమ్మం దగ్గర రత్తమ్మ హారతిచ్చి, కుడికాలు లోపల పెట్టమ్మా అంది. శేషారత్నం పెట్టింది. ఎడమకాలి సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దు వాలేదాకా ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అలాగే నిలబడింది. ఇంటిల్లిపాదీ ఎదురుగా పీటలేసుకుని కూర్చుని, ఎంత మాట వినే పిల్లో అని కన్నార్పకుండా చూశారు.