నక్క వద్దనుకున్న పేజీ

వాగు పక్కన పాడుబడ్డ గానుగ షెడ్డులో జంతువులన్నీ కలిసి ఒక అచ్చాఫీసు పెట్టుకున్నాయి. యజమాని అంటూ లేడు, అందరూ వాటాదార్లే. ఏం చెయ్యాలన్నా సభ పెట్టి, సరేననేవాళ్ళు కాళ్ళెత్తాలి. సోమన్న ఎద్దు అచ్చుమర తిప్పేవాడు. చిట్టెమ్మ ఉడుత గళ్ళలోంచి సీసం అక్షరాలు ఏరి పేజీ కూర్చి, చెదరకుండా చుట్టూ దారం కట్టేది. అచ్చయ్యాక దారం విప్పి అక్షరాలు మళ్ళీ గళ్ళలో వేస్తేనే ఇంకో పుస్తకం. ఉన్న అక్షరాలు అంతంతమాత్రం మరి. మొదట్లో ఎంత ఉత్సాహమో! అడవిలో పాట కట్టిన ప్రతివాళ్ళ పుస్తకమూ వేసేద్దామనుకున్నారు. ఆ ఉత్సాహం ఎటు పోయిందో గానీ నడుం నొప్పులు మాత్రం మిగిలాయి.

ముసలి గువ్వమ్మ తన పాటలు ఇచ్చి చాలాకాలమైంది.

"నాయనా సోమన్నా, కళ్ళు మసకేస్తున్నాయి. చూపుండగా నా పుస్తకం చూస్తానంటావా?"

"కాగితం రానీ అమ్మా, ముందు నీదే," అన్నాడు సోమన్న. ఆ మాట అనీ అనీ వాడికే విసుగొచ్చింది.

కాగితం రాలేదు, నక్క వచ్చాడు. జంబన్న అంటారు, పెద్దమనిషి.

"ఏడాదికి సరిపడా కాగితం నేనిస్తా. నా జీవితచరిత్ర వెయ్యండి. ఒకటే షరతు, కూర్చిన పేజీలు విప్పకూడదు. జనం ఎగబడితే మళ్ళీ అచ్చెయ్యాలి కదా!"

సభ పెట్టారు. అలిసిపోయినవాళ్ళకి కాగితం కట్టలు కనపడితే బుర్ర పనిచేస్తుందా? అందరూ కాళ్ళెత్తారు. సోమన్న కూడా ఎత్తాడు.

ఆ చరిత్ర ఎంత పొడుగంటే గళ్ళు అడుగంటా ఖాళీ అయ్యాయి. పుస్తకం వచ్చింది. ఎవరూ ఎగబడలేదు. నక్క మేనల్లుడు కూడా తిరిగి చూడలేదు.

"కాగితం గుట్టలుగా ఉంది, అక్షరం ముక్క లేదు," అంది చిట్టెమ్మ. "ఏం కాళ్ళెత్తామయ్యా! సిగ్గుగా లేదూ మనకి?"

సోమన్న, గువ్వమ్మ వస్తే ఏం చెప్పాలా అని తల వంచుకు కూర్చున్నాడు.

కొన్నాళ్ళకి జంబన్న మళ్ళీ దిగాడు.

"నాకు సన్మానం జరుగుతోంది. అర్జంటుగా కరపత్రం కావాలి!"

"అక్షరాలన్నీ మీ చరిత్రలోనే ఉన్నాయండీ," అన్నాడు సోమన్న.

"ఏదో ఒక పేజీ విప్పి తగలెయ్!"

"అమ్మో, సభలో ఒప్పుకున్నాం. మేం ముట్టుకోం. ఏ పేజీ అక్కర్లేదో మీరే చూసి, మీ చేత్తోనే విప్పండి."

నక్క ఒక్కో పేజీ దగ్గరా ఆగాడు. బాల్యం? అబ్బే, అద్భుతంగా ఉంది. సాహసాలు? ప్రాణం పోయినా విప్పడు. చివర్న, ఈ పుస్తకం అచ్చేసినవాళ్ళకి వందనాలు చెప్పిన పేజీ కనపడింది.

"ఆఁ, ఇదెవడిక్కావాలి?" అని పళ్ళతో దారం లాగేశాడు. అక్షరాలు బల్ల మీద గలగలా రాలాయి.

"మరి కరపత్రం అయ్యాక ఈ పేజీ మళ్ళీ కూర్చమంటారా?" అని సోమన్న అందరూ వినేలా అడిగాడు.

"ఎందుకయ్యా ఆ చెత్త? నాకొద్దు. మీరే ఉంచుకోండి!"

చిట్టెమ్మ సోమన్న వంక చూసింది. సోమన్న నెమరు వేస్తున్నాడు.

కరపత్రం అచ్చేసి ఇచ్చాక, ఆ ఒక్క పేజీ అక్షరాలతో గువ్వమ్మ మొదటి పేజీ కూర్చారు. అచ్చేశారు, విప్పారు. రెండోది కూర్చారు, అచ్చేశారు, విప్పారు. వానలు పోయి చలి వచ్చింది. చలి పోయి ఎండలొచ్చాయి. చిట్టెమ్మ వేళ్ళు కాయలు కాశాయి. పుస్తకం అయ్యేసరికి గువ్వమ్మ చూపు పూర్తిగా పోయింది.

"ఆలస్యం చేశాం తల్లీ," అని సోమన్న ఏడ్చేశాడు.

గువ్వమ్మ పుస్తకం తెరిచి, అచ్చు దిగబడి అక్షరాలు తగులుతున్న కాగితం మీద ముక్కుతో మెల్లగా తడమసాగింది.

అప్పుడే జంబన్న రంకెలేస్తూ వచ్చాడు. "నా పేజీలు విప్పారా? షరతు తప్పారా?"

"నువ్వు విప్పింది కాక ఇంకొక్క దారం ఊడిందేమో చూసుకో," అంది చిట్టెమ్మ. "నువ్వు చెత్తన్న పేజీతోనే వేశాం, మొత్తం."

"అయితే ఆ అక్షరాలు నాకివ్వండి! రెండో భాగం వెయ్యాలి!"

"సభ పెడదాం," అన్నాడు సోమన్న. "ఇద్దామనేవాళ్ళు కాలెత్తండి."

ఒక్క కాలూ లేవలేదు. నక్క నానా గోలా మొదలెట్టాడు.

"కాస్త అరవకు నాయనా," అంది గువ్వమ్మ తల ఎత్తకుండా. "చదువుకుంటున్నాను."

తన గొప్పనే చూసుకునేవాడికి తన చేతిలోంచి జారిపోయిందేమిటో కనపడదు.