భట్టుగారి తీర్పు

పొద్దెక్కి మూడు ఘడియలైంది. మాధవగిరి రాజు సోమభూపతి వేపపుల్లతో పళ్లు తోముకుంటూ కోట గుమ్మం పక్క గోడ వైపు చూశాడు. గోడ బోసిగా ఉంది.

ఆ గోడ రాజుగారి ముచ్చట. ఎవరు ఏ కొత్త సంగతి కనిపెట్టినా దానిమీద రాయిస్తారు. దారిన పోయేవాళ్లెవరైనా చదువుకోవచ్చు, రుసుము లేదు. ముందుగా ఒక పండితుడు పరీక్షించాలి. రాసినవాళ్ల పేరు మాత్రం ఆయనకు చెప్పరు. ఈ పనంతా లేఖకుడు బొల్లనది.

"గోడ ఖాళీగా ఉందేం, బొల్లనా?"

"వైద్య పరీక్షకులు గోవర్ధన భట్టుగారికి ఏదీ నచ్చడం లేదు ప్రభూ. పశువులకొచ్చే గాలికుంటు రోగానికి కామసాని అనే వైద్యురాలు మందు కనిపెట్టింది. రెండుసార్లు తిప్పి పంపారు. ఊళ్లలో పశువులు పడిపోతున్నాయి."

రాజు భట్టును సభకు పిలిపించాడు.

"చెత్తను గోడకెక్కిస్తే పోయేది ఏలినవారి పరువు!" అన్నాడు భట్టు. "ఆ గోడేదో నాకే అప్పగించండి."

"అప్పగించే ముందు ఇంకొక్కటి పరీక్షించమనండి ప్రభూ," అని బొల్లన ఒక తాటాకుల కట్ట అందించాడు.

భట్టు అలవాటు ప్రకారం చివరి ఆకు తిప్పాడు. రాసినవాళ్లు ఏయే పండితులను చదివారో చెప్పేది అక్కడే. ఒకసారి వేలు పెట్టి చూసి కట్ట మూసేశాడు.

"పనికిరాదు."

"ఎందుకని?" అన్నాడు రాజు.

"మూలికల మీద రాస్తూ గోవర్ధన భట్టు పేరే తలచలేదు! వీడికి ఓనమాలు కూడా రావని అక్కడే తేలిపోయింది."

"తీర్పులో మార్పేమీ లేదుగా, భట్టుగారూ?" అన్నాడు బొల్లన.

"శిలాశాసనం!"

బొల్లన రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, ఇది భట్టుగారు కుర్రతనంలో రాసిన మొదటి గ్రంథం. అప్పటికి పాపం, ఆయన ఇంకా భట్టుగారిని చదవలేదు."

సభ గొల్లుమంది. రాజు నవ్వి నవ్వి తన చేతి కంకణం తీసి బొల్లనకు తొడిగాడు.

"కామసాని మందు గోడకెక్కించమంటారా?" అన్నాడు బొల్లన.

"ముందు, మొదటి ఆకు నుంచి చదివేవాడెవడైనా ఉంటే చూడు."

ఉన్నాడు. అతను మోతాదు గురించి ఒక ప్రశ్న అడిగి, జవాబు విని ఒప్పుకున్నాడు. మందు గోడకెక్కింది.

కొన్నాళ్లకు తెలిసింది: మొదటిరోజే ఆ గోడ దగ్గరికొచ్చి మందు రాసుకుపోయినవాళ్లలో భట్టుగారి పశువుల కాపరి ఒకడు.